ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

తెలుగులో ‘ఓపిక’ అనే మాటను రెండు అర్థాల్లో వాడతాం. “మెట్లెక్కే ఓపిక లేదు” అంటే ఒంట్లో శక్తి లేదని. “పిల్లాడితో కాస్త ఓపికగా మాట్లాడు” అంటే సహనంగా మాట్లాడమని. రెండింటికీ ఒకే మాట ఎందుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. మంచాన పడిన మనిషిని చూసుకోవాల్సి వచ్చాక గానీ అందులో ఉన్న నిజం తెలిసిరాలేదు. ఒంట్లో ఓపిక అయిపోయిన రోజు మనసులో ఓపిక కూడా ఉండదు. రాత్రంతా సరిగా నిద్రలేని మనిషి, పొద్దున్నే ఎవరో గ్లాసు కింద పడేస్తే కసురుకుంటాడు. అతను చెడ్డవాడేం కాదు, గ్లాసు పడటం పెద్ద విషయమూ కాదు. భరించడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

ఈమధ్య అందరి నోటా వినబడుతున్న ‘సెల్ఫ్ కేర్’ని నేను ఈ ఓపిక వైపు నుంచే చూస్తాను. మన ఓపిక ఎక్కడ ఖర్చవుతోంది, ఎక్కడ తిరిగి వస్తోంది అని రోజూ కాస్త కనిపెట్టుకుని ఉండటం, తగ్గినచోట నింపుకోవడం. చెప్పడానికి ఇంతే. చేయబోతే మాత్రం అడుగడుగునా చిక్కులే. టైమ్ ఉండదు. ఉన్న టైమ్‌లో ఏం చేయాలో తెలియదు. చేస్తే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. చేసినా కొన్నిసార్లు అలసట తీరదు. ఒక్కో చిక్కుకూ ఒక్కో కారణం ఉంది.

ఈ మాట ఎక్కడిది?

సెల్ఫ్ కేర్ అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేవి స్పా, సెలవుల్లో ప్రయాణం, కొత్తగా కొన్న వస్తువులు. వైద్యరంగంలో ఈ మాటకున్న అర్థం చాలా సాదాసీదాది. అమెరికాకు చెందిన నర్సు డొరొథియా ఓరెమ్ 1971లో తన నర్సింగ్ సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చారు. మనిషి బతికి ఉండటానికి, ఆరోగ్యంగా ఉండటానికి తన కోసం తాను చేసుకునే పనులన్నింటినీ ఆమె సెల్ఫ్ కేర్ అన్నారు. గాలి, నీరు, తిండి, మలమూత్ర విసర్జన, పనికీ విశ్రాంతికీ మధ్య పొందిక, ఏకాంతానికీ నలుగురిలో కలవడానికీ మధ్య పొందిక, ప్రమాదాల నుంచి కాచుకోవడం... ఇవీ ఆమె లెక్కలోకి వచ్చిన పనులు. మనిషి వీటిని సొంతంగా చేసుకోలేని స్థితి వచ్చినప్పుడు నర్సు అవసరం పడుతుందనేది ఆమె సిద్ధాంతానికి మూలం.

అందులో కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు. మూత్రం వస్తుంటే మీటింగ్ అయ్యేదాకా ఉగ్గబట్టుకుని కూర్చోకుండా లేచి వెళ్లి రావడం కూడా ఓరెమ్ లెక్కలో సెల్ఫ్ కేరే. ఇది చదివి తేలిగ్గా తీసుకోకండి. దాహం వేస్తున్నా నీళ్లు తాగకుండా, ఆకలి వేస్తున్నా లేవకుండా, నడుం నొప్పి పుడుతున్నా కుర్చీలో కదలకుండా గంటల తరబడి పనిచేసేవాళ్లు మన చుట్టూ ఎంతమందో. ఒళ్లు అడిగిన చిన్న చిన్న వాటికి కూడా ‘తర్వాత’ అనడం అలవాటైపోతుంది. ఆ ‘తర్వాత’లన్నీ పోగుపడితే వచ్చేదే సాయంత్రానికి అర్థం కాని చిరాకు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆరోగ్యాన్ని పెంచుకోవడం, జబ్బులు రాకుండా చూసుకోవడం, వస్తే తట్టుకోవడం, వీటిని వైద్య సిబ్బంది సాయంతో గానీ సాయం లేకుండా గానీ చేసుకోగల సామర్థ్యాన్ని సెల్ఫ్ కేర్ అంటుంది. ఆ సామర్థ్యం ఎవరికి ఉండాలి అంటే వ్యక్తులు, కుటుంబాలు, సమూహాలు అని మూడు చెబుతుంది. కుటుంబాలు అనే ఆ మాటను గుర్తుపెట్టుకోండి, దానికి మళ్లీ వస్తాను. ఏటా జులై 24న సెల్ఫ్ కేర్ దినం జరుపుతారు. రోజుకు 24 గంటలూ, వారంలో 7 రోజులూ చేయాల్సిన పని కాబట్టి ఏడో నెల ఇరవై నాలుగో తేదీ.

ఒంట్లో జరిగేది

టెన్షన్ పడినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే తర్వాతి సంగతులు సులువుగా అర్థమవుతాయి. ఆఫీస్ నుంచి గట్టిగా ఒక మెసేజ్ వచ్చినా, బిడ్డ ఒళ్లు కాలిపోతున్నా, రోడ్డు మీద బండి అడ్డం వచ్చినా మెదడు చేసేది ఒకటే పని. కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పెడుతుంది. అవి అడ్రినలిన్‌ను, కార్టిసాల్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వస్తుంది, కండరాలు బిగుస్తాయి. పోరాడటానికో పారిపోవడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. ఇందులో తప్పేమీ లేదు. ఈ ఏర్పాటే లేకపోతే మనిషి జాతి ఇంతకాలం బతికేది కాదు.

ఎక్కినది దిగకపోవడంతోనే అసలు ఇబ్బంది. పిడికిలి ఒక నిమిషం బిగించి వదిలేస్తే చేతికి ఏమీ కాదు. అదే పిడికిలిని పొద్దుట్నుంచి రాత్రిదాకా బిగించి ఉంచితే? ఏ బరువూ ఎత్తకుండానే చెయ్యి పడిపోతుంది. ఒళ్లు ఇలా ఎప్పుడూ బిగుసుకుని ఉండటం వల్ల కలిగే అరుగుదలకు బ్రూస్ మెక్‌యూన్, ఎలియట్ స్టెల్లర్ అనే శాస్త్రవేత్తలు 1993లో ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. టెన్షన్‌కు మూల్యంగా ఒళ్లు మోయాల్సి వచ్చే బరువు అని చెప్పుకోవచ్చు. బీపీ, నిద్ర, రోగనిరోధక శక్తి, జ్ఞాపకశక్తి అన్నింటి మీదా ఆ బరువు పడుతుంది.

కాబట్టి రోజులో నాలుగైదుసార్లయినా ఆ పిడికిలి విప్పాలి. దీనికి శరీరంలోనే ఒక తలుపు ఉంది. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. వేగస్ అనే నరం ద్వారా ఇది జరుగుతుంది. అందుకే ఊపిరి తీసుకున్నదాని కంటే వదలడానికి ఎక్కువసేపు పట్టేలా ఓ ఆరేడుసార్లు చేస్తే ఒళ్లు కాస్త సడలుతుంది. నిమిషం పట్టే పని. గుండె మనం ఆగమంటే ఆగదు, బీపీ దిగమంటే దిగదు. మన మాట వినేది ఊపిరి ఒక్కటే.

ఇక నిద్ర. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఓపిక పుట్టే చోట్లలో అన్నిటికన్నా పెద్దది ఇదే. మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి. నిద్రపోతే మళ్లీ తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ ఆ అడెనోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకు తెలియకుండా ఉంటుంది, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువే. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదకొండింటికి కూడా లోపలే ఉందన్నమాట.

పెద్దవాళ్లకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. “నాకు ఆరు చాలు, అలవాటైపోయింది” అనేవాళ్లు తమ మాట నిజమని నమ్మే చెబుతారు. చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న కొందరిని ల్యాబ్‌లో ఉంచి, 14 రోజులపాటు ఒక బృందాన్ని రాత్రికి 4 గంటలు, ఒక బృందాన్ని 6, ఇంకో బృందాన్ని 8 గంటలు పడుకోనిచ్చారు. ఫలితాలు 2003లో వచ్చాయి. 6 గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవాళ్ల ఏకాగ్రత రోజురోజుకూ దిగజారుతూ, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేనివాళ్ల స్థాయికి చేరింది. నిద్ర వస్తోందా అని అడిగితే మాత్రం మొదటి కొద్ది రోజుల తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. తమ పరిస్థితి ఎంత పాడైందో వాళ్లకే తెలియలేదు. ‘నేను బాగానే ఉన్నాను’ అని మనకు మనం ఇచ్చుకునే సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం పోయింది ఇది చదివాకే.

వ్యాయామం గురించి రెండు ముక్కలు చాలు. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మంచిదని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకుముందు ‘ఒక్కోసారి కనీసం 10 నిమిషాలు’ అనే షరతు ఉండేది, దాన్ని ఈసారి తీసేసింది. ఐదు నిమిషాల నడక కూడా లెక్కలోకి వస్తుంది. గంట ఖాళీ దొరికితే తప్ప నడవకూడదనుకునేవాళ్లకు ఇది మంచి కబురు.

రాత్రి పదకొండున్నర

ఇల్లంతా పడుకుంది. వంటగదిలో లైటు ఆర్పేశారు. పొద్దున కావాల్సినవి సర్దేశారు. పొద్దుట్నుంచి “ఇదెక్కడుంది, అదేమైంది” అని అడిగేవాళ్లెవరూ ఇప్పుడు లేరు. మంచం మీద ఒక పక్కకి తిరిగి ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. కళ్లు మండుతున్నాయి. ఒక వీడియో, ఇంకో వీడియో. చూస్తున్నది అంత బాగా ఏమీ లేదు. పన్నెండున్నర అవుతుంది. పొద్దున ఐదున్నరకు లేవాలని తెలుసు. అయినా ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు.

పడుకోకుండా ఆపే కారణమేదీ బయట లేకపోయినా పడుకోవడం వాయిదా వేయడం అనే ఈ అలవాటును నెదర్లాండ్స్ పరిశోధకురాలు ఫ్లోర్ క్రోసే, ఆమె సహచరులు 2014లో ప్రత్యేకంగా పరిశీలించి రాశారు. చాలామంది దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అని తేల్చేస్తారు. నాకు ఆ తీర్పు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ మనిషికి ఆ గంట ఎందుకంత తీపిగా ఉందో అడగకుండా తీర్పు చెప్పకూడదు.

జర్మన్ మనస్తత్వవేత్త జబీనే జొన్నెంటాగ్ పనివాళ్లు పని తర్వాత ఎలా తేరుకుంటారన్నదాన్ని ఏళ్ల తరబడి పరిశోధించారు. షార్లొట్ ఫ్రిట్జ్‌తో కలిసి 2007లో ఆమె నాలుగు రకాల అనుభవాలను విడదీసి చూపించారు. పని ఆలోచనల నుంచి మనసు పూర్తిగా తెగిపోవడం మొదటిది. ఒళ్లూ మనసూ సడలడం రెండోది. పాటో, తోటపనో, కొత్త భాషో ఏదో ఒకటి నేర్చుకుంటూ చేయి తిరుగుతోందన్న తృప్తి మూడోది. ఈ కాసేపు ఏం చేయాలో నేనే నిర్ణయించుకుంటాను అనే స్వేచ్ఛ నాలుగోది.

ఇప్పుడు పదకొండున్నర గంటల ఫోన్‌ను ఈ నాలుగింటి పక్కన పెట్టి చూడండి. ఆఫీస్ గ్రూపు మెసేజ్ ఒక్కటి కనబడితే మొదటిది పోయింది. కళ్లు మండుతూ మెడ వంకరపెట్టుకుని చూస్తుంటే రెండోది లేదు. మూడోది అసలే లేదు. కానీ నాలుగోది మాత్రం నిండుగా ఉంది. రోజంతటిలో తన ఇష్టప్రకారం గడిచిన గంట అదొక్కటే. అందుకే అది నిద్ర కంటే విలువైనదిగా తోస్తుంది. “ఫోన్ పక్కన పెట్టు” అని ఎంత చెప్పినా లాభం లేనిది ఇందుకే. తన దగ్గరున్న ఒక్క స్వేచ్ఛనూ వదులుకోమంటున్నాం మనం.

నా ఉద్దేశంలో దీనికి మందు రాత్రిలో లేదు, పగట్లో ఉంది. తన ఇష్టం చెల్లే సమయం పగలే ఓ ఇరవై నిమిషాలు దొరికితే రాత్రి మీద అంత ఆకలి ఉండదు. మధ్యాహ్నం తలుపు వేసుకుని కూర్చోవడమో, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి రావడమో, ఏదైనా సరే. ఆ టైమ్‌లో ఉపయోగపడే పని చేయాలన్న నిబంధన మాత్రం పెట్టుకోకండి. నిబంధన పెట్టిన మరుక్షణం అది కూడా డ్యూటీ అయిపోతుంది.

ఉపశమనం వేరు, తేరుకోవడం వేరు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే చాలా గందరగోళం తగ్గుతుంది. ఉపశమనం అప్పటికప్పుడు బరువు మరిపిస్తుంది. తేరుకోవడం మర్నాడు పొద్దున్న తెలుస్తుంది. నేను ఇప్పటికీ వీడియోలు చూస్తాను, అందులో పాపమేమీ లేదు. చూసి లేచాక ఓపిక పెరిగిందా, అంతే ఉందా, ఇంకా తగ్గిందా అని మాత్రం ఒకసారి గమనించుకుంటాను.

రాత్రిపూట రేపటి పనులు బుర్రలో తిరుగుతూ నిద్ర పట్టనివాళ్లకు ఇంకో చిన్న సంగతి. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 57 మందితో ఒక ప్రయోగం చేసి 2018లో ప్రచురించారు. పడుకోబోయే ముందు 5 నిమిషాలు కొందరిని ఆ మధ్య పూర్తిచేసిన పనులు రాయమన్నారు, కొందరిని రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాయమన్నారు. చేయాల్సినవి రాసినవాళ్లే త్వరగా నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. కాగితం మీదకు దిగిన పనిని మనసు రాత్రంతా మోయనక్కర్లేదు.

అవసరమైనప్పుడే చేయలేం

సెల్ఫ్ కేర్‌లో అన్నింటికంటే గట్టి ముడి ఇది. టెన్షన్ ఎక్కువైనప్పుడు తేరుకోవడం ఎక్కువ అవసరం. కానీ సరిగ్గా అప్పుడే మనసు పని నుంచి తెగదు, నిద్ర పట్టదు, నడకకు వెళ్లబుద్ధి కాదు, వేళకు తినం. ఈ వైపరీత్యాన్ని జొన్నెంటాగ్ 2018లో ‘రికవరీ పారడాక్స్’ అన్నారు. అప్పు ఎక్కువైనవాడికే కొత్త అప్పు పుట్టనట్టు ఉంటుంది ఇది. “కాస్త పని తగ్గాక నా సంగతి చూసుకుంటాను” అనే మాట ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి తెలుస్తుంది. చూసుకోకపోతే పని తగ్గేదాకా ఓపిక ఉండదు.

నా విషయం చెబుతాను. నాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాది ఆయన మాత్రలన్నీ నా చేతుల మీదుగానే నడిచేవి. వారం రోజులకు ఏడు వరుసలు, వరుసకు మూడు అరలు ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉండేది. ఆదివారం రాత్రి కూర్చుని అరలన్నీ నింపడం ఒక పనిగా పెట్టుకున్నాను. పొద్దున బీపీ మాత్ర, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది, రాత్రి కొలెస్ట్రాల్‌ది. ఏడాదిలో ఒక్క పూట తప్పలేదు. ఆ ఏడాదే నాకు ఎప్పుడూ నీరసంగా ఉండేది, జుట్టు ఊడేది, చిన్నదానికే ఏడుపొచ్చేది. చూసుకునే మనిషికి ఇదంతా మామూలే అనుకున్నాను. చివరికి రక్త పరీక్ష చేయిస్తే థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. నిజానికి అంతకు రెండేళ్ల ముందే డాక్టర్ నాకు మాత్ర రాసిచ్చారు. సీసా బీరువాలో ఉంది. తెరిచి చూస్తే సగానికి పైగా అలాగే ఉన్నాయి. ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు.

ఆ సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మాత్ర వేయడం చేతకాని మనిషిని కాను, రోజూ వేస్తూనే ఉన్నాను, ఇంకొకరికి. మతిమరుపూ కాదు, బద్ధకమూ కాదు. నాన్న మాత్రకు డబ్బా ఉంది, వేళ ఉంది, చేయి చాపితే అందే చోటుంది. నా మాత్రకు అవేవీ లేవు.

ఆ రోజే నా సీసాను నాన్న డబ్బా పక్కన పెట్టాను. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంటదాకా ఏమీ తినకూడదు. కాబట్టి పొద్దున నాన్న అర తెరవడానికి చేయి వేయగానే ముందు నాది నేను వేసుకునేలా పెట్టుకున్నాను. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో ఈ పద్ధతి గురించే రాశారని తర్వాతెప్పుడో చదివాను. ‘రోజూ వ్యాయామం చేస్తాను’ అని సంకల్పం చెప్పుకోవడం కంటే ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముడివేసుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువ. అలసిపోయిన మనిషికి గుర్తుపెట్టుకునే శక్తి, నిర్ణయం తీసుకునే శక్తి రెండూ తక్కువే. ముందే వేసిన ముడి ఆ రెండింటి అవసరం లేకుండా పని జరిపిస్తుంది. రికవరీ పారడాక్స్‌కు నాకు తెలిసిన విరుగుడు ఇదే. బాగున్న రోజున ముడివేసి పెట్టుకుంటే బాగాలేని రోజున అది మనల్ని లాక్కెళుతుంది.

ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుందని అంటుంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే, చిన్న పని దానంతటదే జరిగే అలవాటుగా మారడానికి పట్టింది సుమారు 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజులదాకా తేడా ఉంది. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ఊరటనిచ్చిన సంగతి వేరే ఉంది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు కుదరడం మీద చెప్పుకోదగ్గ ప్రభావం పడలేదు. “ఒక రోజు మానేశాను, ఇక అంతా పోయింది” అని వదిలేసేవాళ్లకు ఈ మాట చెప్పండి.

తప్పు చేస్తున్నట్టు ఉంటుంది

మన భాషలో మెచ్చుకోలు ఎలా ఉంటుందో చూడండి. “ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తుంది” అంటాం. “తన సుఖం చూసుకోని మనిషి” అని కంటతడితో చెబుతాం. “ఒళ్లు దాచుకుంటాడు” అంటే తిట్టు. ఇవి వింటూ పెరిగినవాళ్లకు కాసేపు నడుం వాల్చినా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. కానీ అదే భాషలో, ఊరెళ్లే మనిషిని సాగనంపుతూ చివరిగా చెప్పే మాట కూడా ‘ఒళ్లు జాగ్రత్త’ అనే. ఇష్టమైనవాళ్లకు మనం ఇచ్చే సలహా అది. మనకు మనం మాత్రం ఇచ్చుకోం.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు పెద్దలు. బేరంలో లాభం రాకపోయినా పెట్టుబడి మిగిలితే రేపు మళ్లీ బేరం చేయొచ్చు. మొదలే పోతే అంగడి మూతపడుతుంది. చూసుకునే మనిషి పడిపోతే ఆ ఇంట్లో ఇద్దరిని చూసుకోవాలి. ఈ సామెతను పిసినారితనానికి సమర్థనగా వాడటం విన్నాను గానీ, అది ఇవ్వొద్దని చెప్పడం లేదు. ఇవ్వడం ఆగిపోకుండా ఎలా ఇవ్వాలో చెబుతోంది.

అపరాధభావంలో ఇంకో రకం కూడా ఉంది. సరిగా చూసుకోలేకపోయినందుకు మనల్ని మనమే తిట్టుకోవడం. “ఈ రోజు కూడా నడవలేదు, నావల్ల ఏమవుతుంది” అనుకుంటాం. క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వవేత్త 2003 నుంచి ‘సెల్ఫ్ కంపాషన్’ గురించి రాస్తున్నారు. మన మీద మనకు ఉండాల్సిన దయ అది. కష్టంలో ఉన్న స్నేహితుడితో మాట్లాడినట్టే మనతో మనం మాట్లాడుకోవడం, ఈ కష్టం నా ఒక్కదానిదే కాదు మనుషులందరిదీ అని గుర్తుపెట్టుకోవడం, బాధను కప్పిపుచ్చకుండా, పెంచుకోకుండా ఉన్నదున్నట్టు చూడటం... ఈ మూడింటితో ఆమె దాన్ని వివరిస్తారు. నడవలేదని స్నేహితురాలు చెబితే మీరేమంటారు? “పోన్లే, రేపు చూద్దాం” అంటారు కదా.

అన్నీ మన చేతుల్లో లేవు

సెల్ఫ్ కేర్ మీద చాలామందికి ఉన్న కోపం న్యాయమైనదే. పన్నెండు గంటలు పని చేయించుకుని, చివర్లో ధ్యానం యాప్ చేతిలో పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి 2024లో ప్రచురించారు. యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, రిలాక్సేషన్ తరగతులు లాంటి వాటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరు. స్వచ్ఛంద సేవకు అవకాశం ఇచ్చిన చోట మాత్రం కొంత మేలు కనిపించింది.

పనివల్ల వచ్చే తీవ్రమైన అలసటను, బర్నౌట్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల జాబితాలో జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన పరిణామంగా పేర్కొంది. దానికి మూలాలు ఎక్కడుంటాయో క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ ఆరు చోట్ల చూపించారు. పనిభారం, పని మీద మనకున్న అధికారం, దక్కే ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధాలు, న్యాయం, విలువలు. ఈ ఆరింటిలో ఒక్కటి కూడా మనిషి ఒంటరిగా గదిలో కూర్చుని బాగుచేసుకోగలిగేది కాదు. అన్యాయం జరుగుతున్న చోట దాన్ని అన్యాయమని అనడం, పని పంచమని అడగడం, అందరూ కలిసి అడగడం కూడా తమను తాము చూసుకోవడంలో భాగమే. నా మట్టుకు అది అన్నింటికంటే కష్టమైన భాగం.

ఇంట్లోనూ అంతే. చూసుకునే మనిషి అలసిపోయిందని తెలిసి “నువ్వు కాస్త రెస్ట్ తీసుకో” అని చెప్పడం చాలా తేలిక. రెస్ట్ తీసుకునే ఆ రెండు గంటలూ ఎవరు చేస్తారన్నది చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు. “శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరుదాకా నేను కూర్చుంటా, నువ్వు బయటికి వెళ్లిరా” అన్నవాళ్లు నిజంగా సాయం చేసినవాళ్లు. అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా ఇలాగే అడగాలి, పని పేరు, రోజు, గంట చెప్పి. “ఎప్పుడైనా వీలుంటే” అని అడిగితే ఎప్పటికీ వీలుండదు.

మనుషులతో అనుబంధం ప్రాణానికి ఎంత ముఖ్యమో 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను కలిపి చూసింది. అందులో మూడు లక్షలకు పైగా మనుషుల సమాచారం ఉంది. బలమైన సంబంధాలు ఉన్నవాళ్లు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివాళ్ల కంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో కుటుంబాలు, సమూహాలు అనే మాటలు ఊరికే చేరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం సూటిగా చెప్పాలి. అన్ని అలసటలకూ నడక, నిద్ర, ఊపిరి మందు కావు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, వీటన్నింటిలోనూ నీరసం ఉండొచ్చు. వారాల తరబడి నీరసం తగ్గకపోతే రక్త పరీక్ష చేయించుకోండి. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇదివరకు ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోయినా అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే పక్కనున్న మనిషికి చెప్పండి, ఆ రోజే వైద్యసాయం తీసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లడం సెల్ఫ్ కేర్ విఫలమైనట్టు కాదు. నేను నా సీసా బీరువాలో పెట్టేసి ఏడాది పాటు నన్ను నేనే సముదాయించుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ సీసా డబ్బా పక్కకు చేరిన మూడో నెలలో అనుకుంటా, ఒక పొద్దున తొందరలో ఉన్నాను. నాన్న అర తెరిచి మాత్రలు తీసి, నీళ్ల గ్లాసు పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్లాను. ఆయనకు మాట ఇంకా సరిగా రాలేదు. నోరు తెరవమంటే తెరవలేదు. మింగడం కష్టంగా ఉందేమో అనుకుని మళ్లీ అడిగాను. పనిచేసే ఎడమ చెయ్యి నెమ్మదిగా ఎత్తి, వేలితో నా వెనకాల బల్ల మీద ఉన్న నా సీసాను చూపించారు. నేను వెళ్లి మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, ఖాళీ గ్లాసు ఆయనకు చూపించేదాకా నోరు తెరవలేదు.